కార్మిక క్షేమం కోసం ట్రైనింగు: గోదావరి డెల్టాలో డెబ్బై ఏళ్లు

1948 ఫ్యాక్టరీల చట్టంలో 49వ సెక్షన్ ఒకటుండేది. అయిదు వందల మందో, అంతకు మించో పనిచేసే ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసరు ఉండి తీరాలని అది చెప్పింది. తణుకులో ముళ్లపూడి హరిశ్చంద్ర ప్రసాద్ ఆంధ్రా షుగర్స్ పెట్టింది అంతకు ఏడాది ముందే. రాజమండ్రి కాగితం మిల్లు కంపెనీ ఏర్పడింది 1964లో. డెల్టా నిండా ఉన్న రైసు మిల్లులకు, ఇటుక బట్టీలకు మాత్రం ఈ సెక్షన్ తగల్లేదు. వాటిలో అంత మంది జనం ఎక్కడిది? అందుకే ఈ కథ పెద్ద గేట్లున్న మిల్లుల్లోనే మొదలైంది. అక్కడ కూడా వెల్ఫేర్ ఆఫీసరంటే క్యాంటీన్ చూసుకునేవాడు, తగాదాలు సర్దేవాడు. పాఠం చెప్పేవాడు కాదు.

పాఠం 1958లో వచ్చింది. నాగపూర్ కేంద్రంగా కేంద్ర కార్మిక విద్యా బోర్డు ఏర్పడింది. దాని పద్ధతి ముచ్చటైనది. మిల్లులో పనిచేసే వాళ్ల నుంచే కొందరిని ఎంపిక చేసి మూడు నెలలు తర్ఫీదు ఇచ్చేవారు. వాళ్లు తిరిగొచ్చి తమ తోటివాళ్లకే క్లాసులు చెప్పేవారు. చట్టం, యూనియను, ఇంటి ఖర్చుల పద్దు, ఆరోగ్యం అన్నీ అందులో ఉండేవి. పక్క మిషను మీద నిలబడేవాడు చెబితే వినే తీరు వేరు. ట్రైనింగుకు వెళ్లిన కాలానికి యాజమాన్యం జీతం ఇచ్చేది. ఈ ఒక్క ఏర్పాటు లేకపోతే ఆ పథకం కాగితం మీదే ఉండేదని నా నమ్మకం.

తర్వాత భోపాల్ గ్యాసు దుర్ఘటన. 1984 డిసెంబరులో అది జరిగాక, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి 111ఎ సెక్షన్ చేర్చారు. తన ఆరోగ్యానికి, భద్రతకు సంబంధించిన ట్రైనింగు పొందడం కార్మికుడి హక్కు అయింది. కొవ్వూరు లాంటి చోట రసాయనాల ఫ్యాక్టరీలో క్లోరిన్ పక్కన పనిచేసే మనిషికి అది చిన్న మాట కాదు. ఆ వాసన ఎప్పుడు ప్రమాదమో, గాలి ఎటు వీస్తుంటే ఎటు పరుగెత్తాలో తెలియడమే అక్కడ క్షేమం.

చమురు, గ్యాసు దారి వేరు. అది గనుల చట్టం కిందికి వచ్చేది. గని పనివాళ్లకు ట్రైనింగు తప్పనిసరి చేసిన నిబంధనలు 1966 నాటివే. ఓఎన్‌జీసీ కోనసీమకు, నరసాపురానికి వచ్చేనాటికే ఆ పుస్తకం ఉంది. అయినా డెల్టాకు రిగ్గు అంటే భయం ఏమిటో తెలిసింది 1995 జనవరి 8న, అమలాపురం దగ్గర పాశర్లపూడి బావి బ్లోఔట్‌తో. మంట 65 రోజులు మండింది. దాన్ని ఆర్పడానికి అమెరికా నుంచి నిపుణులు రావాల్సి వచ్చింది.

రిగ్గు మీద మనిషి నేర్చుకోవాల్సింది పైకి చిన్న విషయంలాగే ఉంటుంది. బావిలోకి పంపిన బురద కంటే తిరిగొచ్చేది ఎక్కువైందంటే, ట్యాంకులో మట్టం పెరిగిందంటే, కింద నుంచి గ్యాసు తోసుకొస్తోందన్నమాట. దాన్ని 'కిక్' అంటారు. డ్రిల్లరు పంపు ఆపాలి, బావి పొంగుతోందా చూడాలి, ప్రివెంటర్‌తో బావి నోరు మూసేయాలి. పై అధికారి ఫోను కోసం ఆగకూడదు. అందుకే దీన్ని సిమ్యులేటర్ మీద మళ్లీ మళ్లీ చేయిస్తారు. ఈ తర్ఫీదుకు ఇచ్చే అంతర్జాతీయ సర్టిఫికెట్ గడువు రెండేళ్లే. గోవాలో ఓఎన్‌జీసీ 1989లోనే చమురు భద్రత, ఆరోగ్యాల కోసం ప్రత్యేక సంస్థ పెట్టింది. అయితే పద్నాలుగు రోజులు రిగ్గు మీద, పద్నాలుగు రోజులు ఇంట్లో గడిపే మనిషికి నిద్ర, దిగులు కూడా భద్రత కిందికే వస్తాయన్న మాట చాలా ఆలస్యంగా వినబడింది.

మిగతావి త్వరగా చెప్పుకోవచ్చు. 2013లో పనిచోట లైంగిక వేధింపుల చట్టం వచ్చి, యజమాని అవగాహన తరగతులు పెట్టాలంది. మనసు బాగోలేకపోతే 14416కు ఫోను చేయమని 2022లో టెలీమానస్ మొదలైంది. ఆఫీసుల్లో యోగా క్లాసులూ వచ్చాయి. జీతం ఆలస్యమైన నెలలో ప్రాణాయామం ఎంతవరకు పనిచేస్తుందో నాకు అనుమానమే.

ఇప్పుడు డెల్టాలో చాలామంది ఆడవాళ్లు పనికి చేరే చోటు రొయ్యల ప్లాంటు. అక్కడ ట్రైనింగుకు కొదవ లేదు. 1997లో యూరప్ మన సముద్ర ఉత్పత్తుల్ని నిషేధించింది, అదే ఏడాది చివర అమెరికా హాసప్ అనే ఆహార భద్రత నిబంధనలు అమల్లోకి తెచ్చింది. అప్పటి నుంచి చేతులు ఎలా కడుక్కోవాలి, తలకు టోపీ ఎలా పెట్టాలి, గమ్‌బూట్లను క్లోరిన్ నీళ్లలో ఎలా ముంచాలి అన్నీ నేర్పుతున్నారు. చేతులు శుభ్రంగా ఉండాల్సింది రొయ్య కోసం. గంటల తరబడి ఐసునీళ్లలో నాని తిమ్మిరెక్కే వేళ్ల సంగతి ఆ పాఠంలో లేదు. 2024 మార్చిలో అమలాపురం దగ్గరి ఒక ప్లాంటు మాజీ మేనేజరు అక్కడి పని పరిస్థితుల మీద అమెరికాలో ఆరోపణలు చేశాడు, కంపెనీ కాదంది. ఏది నిజమైనా అమెరికాలో అడిగే దాకా పని పరిస్థితుల ప్రశ్న ఇక్కడ గట్టిగా రాలేదు.

2025 దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం లెక్కలో ఈ ప్లాంట్లకు కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాళ్లూ కార్మికులే, 111ఎ హక్కు వాళ్లకూ ఉండేది. చాలాచోట్ల మాత్రం వాళ్ల పేరు మేస్త్రీ పుస్తకంలో ఉంటుంది, కూలి కిలోల లెక్కన ఉంటుంది. ఒలిచిన కిలోకే డబ్బు ఇచ్చేచోట గంటసేపు క్లాసులో కూర్చుంటే గంట కూలి పోతుంది. 1958 నాటి పథకం ఆ గంటకు ముందే జీతం కట్టి పెట్టింది.