చోదకుని చేతిలో ఎఱ్ఱజెండా

మధ్యధరా సముద్రపు టొడ్డున, కొండకును నీటికిని నడుమ ఇఱుకున నున్న మొనాకో సంస్థానమున, నగరవీథులనే పందెపు బాటగా మార్చి 1929వ సంవత్సరము నుండి కార్ల పందెము జరుపుచున్నారు. ఆ పందెమును నడుపు పెత్తనము ఒకప్పుడు పందెములలో చేయి తిరిగినవారికే దక్కుచుండెడిది. ఆ యూరి బిడ్డయైన లూయీ షిరోన్, 1931లో బుగాటి కారుపై అచ్చట జయము గొని, 1955లో ఏబదియైదేండ్ల వయస్సున అవే వీథులలో ఆఱవవాడుగా వచ్చి, పిమ్మట రేనియే ప్రభువు కోరికపై ఆ పందెమునకు అధికారియై, 1979లో కన్నుమూయు కాలము వఱకును దానిని విడువకుండెను. అయితే ఆ పదవి యందలి చిక్కు లోకమునకు తేటపడినది షిరోన్ నాడు గాదు. బెల్జియము దేశస్థుడైన జాకీ ఇక్స్ నాడు.

1945 జనవరి 1వ తేదీన బ్రస్సెల్స్ నగరమున జన్మించిన ఇక్స్, ఫార్ములా వన్ పందెములలో 8 జయములను, లెమాన్ 24 గంటల పందెమున 6 జయములను గడించెను. ఈ లెక్కలకంటె ఆయన నైజమును బాగుగ తెలుపునది 1969 నాటి లెమాన్ ఆరంభము. ఆ కాలమున అచ్చట కార్లను బాట కొక ప్రక్క ఏటవాలుగా వరుసదీర్చి, చోదకులను ఎదుటి ప్రక్క నిలువబెట్టి, జెండా దిగినంతనే వారు పరుగున వచ్చి కార్లలోనికి దూకి సాగిపోవుట ఆచారము. చూచువారికి వేడుకయే గాని, ఆ తొందరలో బెల్టు బిగించుకొను తీఱిక యెవ్వరి కుండును? ఇక్స్ ఆనాడు పరుగెత్తలేదు. తక్కినవారందఱును ఉఱికిపోవుచుండగా, షికారు వచ్చినవానివలె బాట దాటి నడచి, కారులో కూర్చుండి, బెల్టు నింపాదిగా బిగించుకొని, అందఱికంటె కడపట బయలుదేఱెను. తొలి చుట్టు ముగియకమునుపే, బెల్టు బిగించుకొనని జాన్ వుల్ఫ్ అను ఆంగ్లేయుడు కారు ప్రమాదమున మరణించెను. మఱునాడు, జాకీ ఆలివర్‌తో వంతులవారీగా నడిపిన ఫోర్డు కారును, వెంబడించుచున్న పోర్షె కారుకంటె సుమారు 120 మీటర్లు మాత్రమే ముందుగా ఇక్స్ గమ్యము దాటించెను. మఱుసటి యేటికి ఆ పరుగు మానిపించిరి.

అంతమాత్రమున ఆయనను భీరువని తలపరాదు. 1968లో ఫ్రాన్సు దేశమందలి రూయేన్‌లో, వాన టైర్లనే నమ్ముకొని, 23వ యేట ఆయన తన మొదటి ఫార్ములా వన్ జయమును గొనెను. జో ష్లెసర్ మంటలలో చిక్కి ప్రాణము గోల్పోయినది ఆ పందెముననే. 1971లో జాండ్‌వూర్ట్‌లోను జడివానయందే గెలిచెను. చోదకుల భద్రతకై జాకీ స్టూవర్ట్ సాగించిన ఉద్యమమునకు సయితము ఆయన దూరముగనే యుండెను. తనకు తోచినది తానొక్కడే చేయుట ఆయన పద్ధతి. ఎవరిని కలుపుకొని పోవుట కాదు.

అట్టివాని చేతికి 1984లో మొనాకో పందెపు అధికారము వచ్చినది. జూన్ 3వ తేదీన కుండపోతగా వాన కురియుటచే పందెము ముప్పావుగంట ఆలస్యమాయెను. సొరంగములోపల బాట పొడిగా నున్నదని, తడిలోనుండి వచ్చు టైర్లు అచ్చట పట్టు తప్పునని నికీ లౌడా చెప్పగా, నీళ్ళబండిని రప్పించి లోపలి బాటను తడిపిరి. అంతటి వానలో నీళ్ళు తెచ్చి పోసిన పందెము మఱియొకటి యుండునో లేదో! ముందున్న నైజెల్ మాన్సెల్ కారు అదుపు తప్పి గోడకు తగులుటతో అలేన్ ప్రోస్ట్ అగ్రగామి యాయెను. పదుమూడవ స్థానమునుండి బయలుదేఱిన యువకుడు అయర్టన్ సెన్నా, టోల్‌మన్ వంటి సామాన్యపు కారుతో, చుట్టు చుట్టుకును సెకండ్లు తగ్గించుకొనుచు వచ్చుచుండగా, ప్రోస్ట్ చేయి యూపి పందెము నాపుమని సైగ చేయుచుండెను. 77 చుట్లకు గాను 32వ చుట్టున ఇక్స్ ఎఱ్ఱజెండా చూపెను. ఆగబోవుచున్న ప్రోస్ట్‌ను గీత యొద్ద సెన్నా దాటినను, నియమము ననుసరించి 31వ చుట్టు నాటి స్థితినే లెక్కించి ప్రోస్ట్‌ను విజేతగా ప్రకటించిరి.

దుమారము చెలరేగినది. ఇక్స్ అప్పటికి పోర్షె జట్టు చోదకుడు. ప్రోస్ట్ కారునందలి ఇంజను పోర్షె నిర్మించినదే. అనుమానమునకు ఇంతకంటె నేమి కావలయును? తక్కిన అధికారులను సంప్రదింపకయే జెండా చూపెనని అంతర్జాతీయ సంఘమువారు ఆయనకు 6,000 డాలర్ల జరిమానా విధించి, అధికార పత్రమును తాత్కాలికముగా రద్దు చేసిరి. ఆ శిక్ష న్యాయమే యని నా తలంపు. చోదకపీఠమున ఏకాకి నిర్ణయము గుణమై శోభించును. లెమాన్‌లో నడచి వచ్చినవానిని ఎవ్వరును సంజాయిషీ యడుగలేదు. అధికారపీఠమున అదే గుణము దోషమగును. కాని జెండా చూపుటయే తప్పని, అందును ప్రోస్ట్ మేలు కోరి చూపెనని యనువారితో నేను ఏకీభవింపజాలను. వారు ఒక చిన్న లెక్క వేసి చూడవలెను. పందెము ముప్పాతిక వంతైనను సాగనందున విజేతకు రావలసిన 9 పాయింట్లకు మాఱు ప్రోస్ట్‌కు వచ్చినవి నాలుగున్నరయే. పందెము కడవఱకు సాగి, సెన్నా చేతిలో ఓడి రెండవవాడుగా వచ్చినను ఆఱు వచ్చియుండెడివి. ఆ యేటి చివర లౌడా 72 పాయింట్లతో ప్రపంచ విజేత యాయెను. ప్రోస్ట్‌కు వచ్చినవి 71.5.