బండ కదిపే నలుగురు

మద్రాసులో సర్ థామస్ మన్రో కంచుగుర్రం మీద కూర్చుని 1839 నుంచి ఊరిని చూస్తున్నాడు. 1800 నుంచి 1807 దాకా దత్త మండలాలకు కలెక్టరు ఆయన. ఆయనకు శిస్తు కట్టిన రైతు ఏ దిమ్మె మీదికీ ఎక్కలేదు. కంచు పాలకుల సొత్తుగా ఉండిన కాలమది.

1959 జనవరి 25న అదే నగరంలో, మెరీనా తీరాన, మరొక కంచు విగ్రహం వెలిసింది. ఇందులో గుర్రం లేదు, పేరున్న మనిషీ లేడు. నలుగురు కూలీలు ఒక పెద్ద బండను కదిలించడానికి పెనుగులాడుతున్నారు. దాని పేరు ‘శ్రమ విజయం’. శిల్పి దేవీప్రసాద్ రాయ్ చౌధురి.

ఆయన శ్రామిక కుటుంబంలో పుట్టినవాడు కాడు. 1899లో రంగపూరు ప్రాంతపు జమీందారీ వంశంలో పుట్టాడు. అవనీంద్రనాథ్ ఠాకూరు వద్ద చిత్రకళ నేర్చాడు. 1929లో మద్రాసు చిత్రకళాశాలకు తొలి భారతీయ ప్రిన్సిపాలై, మూడు దశాబ్దాలకు కొంచెం తక్కువగా అక్కడే పనిచేశాడు. గురువుగారి కోమల రేఖ ఈ బండను కదపలేదు. అందుకే శిల్పంలో రోడా మార్గానికి దగ్గరై, బిగిసిన కండరాన్ని ఆశ్రయించాడు.

విగ్రహం వెలిసిన కాలాన్ని గమనించాలి. 1955లో మద్రాసు పక్కనున్న ఆవడిలో కాంగ్రెసు సామ్యవాద తరహా సమాజం తన లక్ష్యమని ప్రకటించింది. ఆనకట్టలు, ఉక్కు కర్మాగారాలు లేస్తున్న ఆ రోజుల్లో శ్రమను కీర్తించడం పాలకులకు కష్టం కాదు. కాని శ్రమ గొప్పదనడం వేరు, శ్రామికునికి హక్కున్నదనడం వేరు. ఈ బండ ఎవరి మేడకు పునాది? శిల్పం చెప్పదు. అందులో మేస్త్రీ లేడు, యజమాని లేడు. మనిషికీ రాతికీ మధ్య పోరాటం ఉంది. మనిషికీ మనిషికీ మధ్య ఉన్న పోరాటం లేదు. ఇది శిల్పి దృష్టికున్న హద్దు.

అయినా దీన్ని సర్కారు అలంకారమని తోసిపుచ్చడం పొరపాటు. పేరు విజయమంటున్నది గాని, బండ ఇంకా కదలలేదు. అక్కడ శిల్పి అబద్ధమాడలేదు. నలుగురిలో ఏ ఒక్కడు పట్టు వదిలినా తక్కిన ముగ్గురి బలం వృథా. ఒంటరి వీరుణ్ణి వెదికే కంటికి ఇక్కడ పని లేదు. ఆ ఊరి జనం దీన్ని ‘ఉళైప్పాళర్ శిలై’ అంటారు; అంటే శ్రామికుల విగ్రహం. అందులో విజయమన్న మాటే లేదు.

దేశంలో తొలి మే దినాన్ని సింగారవేలు 1923లో జరిపింది ఈ నగరపు సముద్రతీరంలోనే. విగ్రహానికి ముప్పై ఆరేళ్ళ ముందే శ్రామికుడు ఆ ఇసుకలోకి తన కాళ్ళతో తాను నడిచివచ్చాడు. కంచు తరువాత వచ్చింది. శిల్పి అడగని ప్రశ్నను, బండ ఎవరిదన్న ప్రశ్నను, ఆ సభకు వచ్చినవారు అప్పటికే అడిగి ఉన్నారు. విగ్రహాన్ని చూడబోయే విద్యార్థి ఆ ప్రశ్నను వెంట తీసుకుపోవాలి.