ఎముకకు పేరు చెప్పేదెవరు?

వరంగల్ శివారు మామునూరులో నిజాం కాలంనాటి విమానాశ్రయం ఉందని ఊళ్లో అందరికీ తెలుసు. నిజాం సొమ్ముతో యుద్ధ బాంబర్లు ఎగిరాయన్న సంగతి తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. 1918లో బ్రిటిష్ వైమానిక దళం 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ బాంబర్లు కొనిచ్చింది నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. అందుకే దానికి ‘హైదరాబాద్’ స్క్వాడ్రన్ అని పేరొచ్చింది. దాని చిహ్నంలోని పులి కూడా నిజాం రాజలాంఛనంలోదే. నిజాం ఖజానా అంటే వరంగల్ సుబా రైతులు కట్టిన శిస్తు కూడా చేరిందే. రెండో ప్రపంచయుద్ధంలో ఆ స్క్వాడ్రన్ 1942లో మన దేశానికే వచ్చింది. మరుసటి ఏడాది నుంచి వెంజెన్స్ డైవ్ బాంబర్లతో బర్మా మీద దాడులకు వెళ్లింది.

అలా యుద్ధానికి వెళ్లి దక్షిణ, తూర్పు ఆసియా ఆకాశంలో గల్లంతై, సమాధి ఎక్కడో తెలియని బ్రిటిష్, కామన్వెల్త్ వైమానికుల పేర్లను సింగపూర్‌లోని క్రాంజీ స్మారకం మీద చెక్కారు. మనిషి దొరకలేదు గనుక పేరైనా రాతి మీద మిగిల్చారు. అమెరికా అంతటితో ఆగలేదు.

1944 జనవరి 25న చైనాలోని కున్మింగ్ నుంచి అస్సాంలోని చబువాకు బయల్దేరిన అమెరికా బి-24 బాంబర్లలో ఒకదాని పేరు ‘హాట్ యాజ్ హెల్’. అందులో ఎనిమిది మంది. హిమాలయాల మీదుగా సాగే ఆ దారిని వైమానికులు ‘హంప్’ అనేవాళ్లు. వాతావరణం పాడై విమానం కనిపించకుండా పోయింది. ఇక వెతికి లాభం లేదని యుద్ధం తర్వాత సైన్యం తేల్చేసింది. 2006లో క్లేటన్ కూల్స్ అనే అమెరికన్ స్థానికుల సాయంతో అరుణాచల్ కొండల్లో ఆ శకలాల దగ్గరికి చేరాడు. 2015లో అమెరికా రక్షణశాఖ బృందం ఆ ఏటవాలు కొండ మీద తవ్వకాలు జరిపింది. దొరికిన అవశేషాల్లో ఫస్ట్ లెఫ్టినెంట్ రాబర్ట్ యూజీన్ ఆక్స్‌ఫర్డ్‌ను గుర్తించారు. 2017 జూన్‌లో జార్జియా రాష్ట్రంలోని సొంతూరు కాంకర్డ్‌లో అంత్యక్రియలు జరిగాయి. ఇల్లు విడిచిన మనిషి ఇల్లు చేరడానికి 73 ఏళ్లు దాటింది.

అన్నేళ్లు మట్టిలో నానిన ఎముకలో మామూలు డీఎన్ఏ ముక్కలైపోతుంది. మైటోకాండ్రియా డీఎన్ఏ కణానికి వందల ప్రతులుంటుంది కాబట్టి కొంతైనా మిగులుతుంది. అది తల్లి నుంచే బిడ్డలకు వస్తుంది. అక్కచెల్లెళ్ల పిల్లల్లోనూ అదే ఉంటుంది, అన్నదమ్ముల పిల్లల్లో ఉండదు. అంటే పెళ్లీ పిల్లలూ లేకుండా పోయిన సైనికుడికి మేనల్లుడి నెత్తురు సాక్ష్యం చెబుతుంది. మేనమామ బంధాన్ని ఇంత గట్టిగా పట్టుకున్న మనకు ఇది వేరే విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ నెత్తురు లేకపోతే ఎంత గొప్ప ప్రయోగశాలైనా కొంత దూరమే వెళ్లగలదు. పంజాబ్‌లోని అజ్నాలాలో 1857 నాటి సిపాయిల ఎముకలు 2014లో ఒక పాడుబడ్డ బావిలోంచి బయటపడ్డాయి. వాటిని పరీక్షించిన శాస్త్రవేత్తల్లో మన హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లున్నారు. 50 నమూనాల డీఎన్ఏ, 85 నమూనాల ఐసోటోపులు చూసి, వీళ్లు గంగా మైదానం వాళ్లని 2022లో ప్రకటించారు. ప్రాంతం తేలింది. ఎవరి ఎముక ఎవరిదో చెప్పడానికి పోల్చి చూసే కుటుంబమే లేదు.

ఒక్కోసారి జేబులో కాగితమే చాలు. 1968 ఫిబ్రవరి 7న చండీగఢ్ నుంచి లేహ్ వెళ్తూ 102 మందితో గల్లంతైన మన వైమానిక దళ విమానం ఏఎన్-12 నుంచి 2024లో నలుగురి భౌతికకాయాలు మంచులో దొరికాయి. వెంట ఉన్న పత్రాలే కొందరి పేర్లు చెప్పాయి. మంచు కాగితాన్ని దాస్తుంది, సముద్రం దాయదు.

నా బెంగంతా ఆ సముద్రం గురించే. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయల్దేరిన ఏఎన్-32లో 29 మంది ఉన్నారు. వారిలో ఎనిమిది మంది విశాఖ నౌకాదళ ఆయుధ డిపో సిబ్బంది. చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున శకలాలు కనిపించాయని 2024 జనవరిలో చెప్పారు. కర్మ చేయాలా, ఎదురు చూడాలా తెలియక ఏడున్నరేళ్లు గడిపిన ఇళ్లవి. గల్లంతైన సైనికులను వెతకడానికే అమెరికాకు ఒక సంస్థ ఉంది. మనకూ అలాంటిది కావాలి. దాని మొదటి పని సముద్రంలో కాదు, ఆ ఇళ్లలో మొదలవ్వాలి. డీఎన్ఏ పరీక్షలు చేసే కేంద్ర సంస్థ సీడీఎఫ్‌డీ హైదరాబాద్‌లోనే ఉంది. రేపో, ముప్పై ఏళ్లకో ఏదైనా పైకి వస్తే పోల్చి చూసేందుకు, తల్లులూ తోబుట్టువులూ బతికుండగానే వాళ్ల నమూనాలు తీసి భద్రపరచాలి.