చిరు వ్యాపారికి అందుబాటులో న్యాయసహాయం: సంతకానికి ముందే తెలుసుకోవలసినవి

దేశ విభజన అనంతరం పశ్చిమ పంజాబు నుంచి తరలివచ్చిన శరణార్థుల దుకాణాలతో విస్తరించిన బజారు ఢిల్లీలోని కరోల్ బాగ్. అజ్మల్ ఖాన్ రోడ్డు వస్త్రాలకు, గఫార్ మార్కెట్ మొబైల్ ఫోన్లకు, ట్యాంక్ రోడ్డు జీన్స్ టోకు వ్యాపారానికి, బ్యాంక్ స్ట్రీట్ నగలకు పేరుపొందాయి. ఇటువంటి చోట కొత్తగా వ్యాపారం ప్రారంభించేవారు అద్దెకు, అడ్వాన్సుకు, సరుకుకు డబ్బు సమకూర్చుకుంటారు. న్యాయసలహాను మాత్రం వివాదం తలెత్తే వరకు వాయిదా వేస్తుంటారు. అప్పటికి పత్రాలపై సంతకాలు పూర్తయి ఉంటాయి. తక్కువ ఖర్చుతో, అర్హులకు ఉచితంగా, ముందే సలహా పొందే మార్గాలు చట్టంలోనే ఉన్నాయి.

ఉచిత సేవకు ఎవరు అర్హులు?

1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 39-ఎ అధికరణం ఉచిత న్యాయసహాయాన్ని ప్రభుత్వ బాధ్యతగా పేర్కొంది. దీనిని అమలుచేసే న్యాయసేవల అధికార సంస్థల చట్టం 1987లో రూపొంది, 1995 నవంబర్ 9న అమలులోకి వచ్చింది. చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు, దివ్యాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా అర్హులు. ఇతరులకు ప్రభుత్వం నిర్ణయించిన ఆదాయ పరిమితి వర్తిస్తుంది.

కోర్టులో కేసు ఉంటేనే ఈ సేవ లభిస్తుందనుకోవడం పొరపాటు. న్యాయపరమైన ఏ విషయంపైనైనా సలహా ఇవ్వడం కూడా చట్టం చెప్పే న్యాయసేవలో భాగమే. దుకాణం అద్దెకు తీసుకోబోయే మహిళ ఒప్పంద పత్రంపై సలహా కోరవచ్చు. కరోల్ బాగ్ వారికి తీస్ హజారీ న్యాయస్థానాల సముదాయంలోని జిల్లా న్యాయసేవల అధికార సంస్థ అందుబాటులో ఉంది. జాతీయ సహాయవాణి సంఖ్య 15100. కామన్ సర్వీస్ సెంటర్ల ద్వారా టెలి-లా సేవ కింద కూడా న్యాయవాదితో ఫోన్‌లో లేదా వీడియోలో మాట్లాడవచ్చు.

స్వయంగా చేసుకోగల పనులు

2020 జులై 1న ప్రారంభమైన ఉద్యమ్ నమోదు పూర్తిగా ఉచితం. ఆధార్ ఆధారంగా, స్వీయ ప్రకటనతో ఆన్‌లైన్‌లో పూర్తవుతుంది. ఇందుకు ఎవరైనా రుసుము అడిగితే అది ప్రభుత్వ రుసుము కాదని గుర్తించాలి. జీఎస్టీ నమోదుకు కూడా ప్రభుత్వ రుసుము లేదు. ట్రేడ్‌మార్క్ దరఖాస్తును ఆన్‌లైన్‌లో దాఖలు చేసే వ్యక్తులకు, అంకుర సంస్థలకు, చిన్న సంస్థలకు ఒక్కో తరగతికి రుసుము 4,500 రూపాయలు. ఇతరులకు 9,000 రూపాయలు.

సలహా లేకుండా సంతకం చేయరానివి

భాగస్వామ్య సంస్థకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని 1932 నాటి చట్టం చెప్పదు. అయితే 69వ సెక్షన్ ప్రకారం రిజిస్టరు కాని సంస్థ, ఒప్పందం ద్వారా తనకు సంక్రమించిన హక్కు కోసం బయటి వ్యక్తిపై దావా వేయలేదు. సరుకు తీసుకున్నవారు డబ్బు ఎగవేసిన రోజున గానీ ఈ లోపం చాలామందికి తెలిసిరాదు. అద్దె విషయంలోనూ ఇంతే. ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి. లేనిపక్షంలో అందులోని షరతులను కోర్టులో రుజువు చేయడం కష్టమవుతుంది. పరిమితంగా ఉన్న డబ్బును ఈ రెండు పత్రాలను న్యాయవాదికి చూపించడానికి వెచ్చించడం వివేకం.

బకాయిలు రాకపోతే

సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో సొమ్ము చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం నిర్దేశిస్తోంది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ చెల్లించాలి. ఫిర్యాదును ఆన్‌లైన్‌లో ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు పంపవచ్చు.

అయితే కరోల్ బాగ్ వంటి బజారుకు ముఖ్యమైన పరిమితి ఒకటి ఉంది. 2021 జులైలో చిల్లర, టోకు వర్తకులను ఉద్యమ్ పరిధిలోకి తెచ్చినా, వారి ప్రయోజనాన్ని ప్రాధాన్య రంగ రుణాలకే పరిమితం చేశారు. జీన్స్ కుట్టే యూనిట్ కౌన్సిల్‌ను ఆశ్రయించవచ్చు. వాటిని కొని అమ్మే దుకాణదారుకు ఆ అవకాశం లేదు. వర్తకునికి మిగిలేది సివిల్ కోర్టు మార్గం. 3 లక్షల రూపాయలు, అంతకు మించిన వాణిజ్య వివాదాల్లో, అత్యవసర మధ్యంతర ఉత్తర్వులు కోరితే తప్ప, దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2022 ఆగస్టులో స్పష్టంచేసింది. ఆ ప్రక్రియను నిర్వహించేదీ న్యాయసేవల అధికార సంస్థలే.

సలహాకు వెళ్లేటప్పుడు గుర్తింపు పత్రం, అర్హతకు ఆధారం, అద్దె లేదా భాగస్వామ్య ఒప్పందాల ముసాయిదా, బిల్లులు, చెల్లింపుల వివరాలు వెంట ఉంచుకోవాలి. ముసాయిదా దశలో ఉన్న షరతును సులువుగా మార్చవచ్చు. సంతకం అయిన తరువాత దానిని మార్చాలంటే ఎదుటివారి సమ్మతి కావాలి.