అట్టలూ, బొమ్మలూ, అమ్మ కుట్టిన పుస్తకాలూ

పుస్తకం చేతికిస్తే మీరు ముందు ఏం చూస్తారు? పేరు చూస్తామంటారు, వ్రాసిందెవరో చూస్తామంటారు. నేనైతే అట్ట చూస్తాను. బొమ్మ ఎవరు వేశారో, సంతకం ఏ మూల దాక్కుందో, పేరు వ్రాసిన అక్షరాల వంపు ఎవరి చేతిదో చూసుకుని, ఆ తర్వాతే లోపలికి వెళతాను. ఇదేం పిచ్చమ్మా అని మా ఇంట్లో వేళాకోళం చేసేవారు. చేస్తే చేశారు. తెలుగు పుస్తకాల బొమ్మల చరిత్ర చెప్పుకోవాలంటే అందులో ఆడవాళ్లు చేసిన పని కూడా కొంత ఉంది. ఆ పని గురించి ఎవరూ చెప్పగా నేను వినలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక పెట్టారు. ఆ పత్రిక ఉగాది సంచికలలో రంగుల చిత్రాలు వచ్చేవి. 1924లో ఆయనే భారతి మాసపత్రిక ప్రారంభించారు. రంగుల బొమ్మను నునుపు కాగితం మీద విడిగా అచ్చువేసి సంచికలో చేర్చడం అప్పటి పద్ధతి. విడిగా ఉండబట్టే దాన్ని ఊడదీసి గోడకి ఫ్రేము కట్టించుకోవడం కూడా తేలికయింది! మామూలు పుస్తకాలకి ఆ భోగం లేదు. రంగు కాగితం అట్ట, దాని మీద పేరు, చుట్టూ ఒక అంచు. అంతే.

బొమ్మ అచ్చులో ఎలా పడుతుందో మీకు తెలుసా? ఇప్పుడు ఆఫ్‌సెట్టూ కంప్యూటరూ వచ్చాయి గాని, అప్పుడు అన్నీ బ్లాకులే. చిత్రకారుడు నల్లసిరాతో వేసిన బొమ్మను ఫోటో తీసి, ఆ ఛాయను జింకు రేకు మీదికి దింపి, రేకును ఆమ్లంలో ముంచేవారు. తెల్లగా ఉండవలసిన చోటు తినుకుపోయి, గీత ఉన్నచోటు ఎత్తుగా మిగిలేది. ఆ రేకును చెక్కకు బిగించి, సీసం అక్షరాల పక్కనే నిలబెట్టి అచ్చు తీసేవారు. రంగులు కావాలంటే ఒక్కొక్క రంగుకీ ఒక్కొక్క బ్లాకు, ఒక్కొక్క రంగుకీ కాగితం మళ్లీ యంత్రంలోకి వెళ్లాలి. కాగితం ఆవగింజంత పక్కకి జరిగిందా, అట్ట మీది అమ్మాయి పెదవుల ఎరుపు బుగ్గమీద తేలేది!

బాపుగారి గొప్పతనం నాకు ఇక్కడే అర్థమయింది. 1955లో ఆయన ఆంధ్రపత్రికలో చేరారు. ముతక కాగితం మీద కూడా చెదరని గీత ఆయనది. అట్టకి రెండే రంగులిస్తే కాగితం తెలుపునే మూడో రంగు చేసుకునేవారు. ముళ్లపూడి వెంకటరమణగారి బుడుగును మాటల్లోంచి చూసినవాళ్లు ఎంతమందో గాని, బొమ్మలోంచి చూడనివాళ్లు లేరు. ఆయన చేతివ్రాత కంప్యూటరు అక్షరాలై మన శుభలేఖల మీదికి కూడా వచ్చింది. 2014లో ఆయన పోయారు, ఆ అక్షరాలు ఇంకా పెళ్లిళ్లకు పిలుస్తూనే ఉన్నాయి.

వడ్డాది పాపయ్యగారిది వేరే దారి. 1921లో శ్రీకాకుళంలో పుట్టిన వపాగారు గీతకంటే రంగును నమ్ముకున్నారు. చందమామకి ఆయన వేసిన ముఖచిత్రాలను పిల్లలకంటే ముందు తల్లులు చూసేవారు, చీర అంచుల కోసం. ఇది ఎగతాళి కాదు, మా పిన్ని నిజంగానే ఒక అంచు చూసి కుట్టుపనిలో దింపింది.

ఇక అసలు సంగతికొస్తాను. వారపత్రికల్లో సీరియల్ వచ్చేటప్పుడు ప్రతివారం బొమ్మ ఉండేది. అదే నవల పుస్తకంగా వచ్చేటప్పటికి చాలావాటికి లోపలి బొమ్మలుండేవి కావు. బ్లాకు పత్రికవారిది, పుస్తకం మరొకరిది. పత్రిక కొలతకు చేసిన బ్లాకు చిన్న పుస్తకంలో పట్టదు. బొమ్మ వేస్తే కాగితం ఖర్చు. అట్టమీద ఒక్క బొమ్మ మిగిలేది, లోపలివి పాత పత్రికలతోపాటు తూకానికి పోయేవి.

పోకుండా ఆపింది ఎవరు? మీ అమ్మ, మా అమ్మ. వారం వారం పిన్నులు విప్పి, సీరియల్ కాగితాలు తీసి, పరుపు కింద పెట్టి, ముగింపు వచ్చాక దబ్బనంతో కుట్టేవారు. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, పాత క్యాలెండరు అట్టకి అతికించేవారు. వెనకవైపు సగం జోకూ, సబ్బు ప్రకటనా కూడా ఆ పుస్తకంలో కలిసిపోయేవి.

మా అమ్మ అలాంటివి నాకు మూడిచ్చింది. బదిలీ మీద ఊరు మారేటప్పుడు, అచ్చు పుస్తకం కొనుక్కున్నాం కదా అని, వాటిలో ఒకటి నేనే పాతకాగితాలవాడి తక్కెడలో వేశాను. కొత్త ఇంట్లో అచ్చు పుస్తకం తెరిస్తే కథ అంతా ఉంది, ఆ అమ్మాయి లేదు. సీరియల్ బొమ్మల్లో ఆమెను ఎప్పుడూ వెనకనుంచే వేసేవారు. పొడుగాటి జడ, కొద్దిగా వంగిన మెడ. మొహం మనమే ఊహించుకోవాలి. అమ్మ ఒకటి రెండుసార్లు అడిగింది, ఆ పుస్తకం ఏదే అని. ఎవరికో చదవడానికిచ్చానని అబద్ధం చెప్పాను.

ఇప్పుడు పాత పత్రికల్ని స్కాన్ చేస్తున్నారు, సంతోషమే. కాని నలుపు తెలుపుల్లో చేసినప్పుడు రెండు రంగుల అట్ట మసి మరకలా పడుతుంది. బైండు చేయించేటప్పుడు ముఖచిత్రాలు తీసేసిన సంపుటాలు చాలా చూశాను. అంచులు సమంగా కోయడంలో సంతకాలు కూడా పోతాయి. మీ ఇంటి అటకమీద అమ్మలు కుట్టిన సంపుటం ఉంటే మళ్లీ బైండింగుకి ఇవ్వకండి, కోయనివ్వకండి. పగటి వెలుతురులో రంగుల్లో ఫోటోలు తీసి పెట్టుకోండి.

నా దగ్గర మిగిలిన రెండింటిలో ఒకదాంట్లో పద్నాలుగో వారం లేదు. అక్కడ అమ్మ ఒక తెల్లకాగితం కుట్టి, పెన్సిలుతో వ్రాసి పెట్టింది: పక్కింటివారు తీసుకున్నారు, బొమ్మలో వాన.