పత్తి పోయిన చేలలో

జమ్మికుంట రైలుస్టేషనులో బండి ఆగిన రెండు నిమిషములలో, కిటికీ చువ్వల సందున చేతికందిన ఉల్లిగడ్డ పకోడి పొట్లము, బండి కదలి ఉప్పల్ స్టేషను దాటువరకును కరకరలాడుచునే యుండెడిది. ఆ పకోడి మర్మము మా అమ్మకు తెలియును. ఆమె వలన నాకును తెలియుననియే నమ్మి, అమెరికాలోని జార్జియా రాష్ట్రమునకు వచ్చి కాపురము పెట్టిన తొలి యేడు, అట్లాంటా నగరపు శివారున మా యింటికి నలుగురిని ఫలహారమునకు పిలిచితిని. సన్నగా తరిగిన ఉల్లిగడ్డలో ఉప్పు, కారంపొడి, వాము వేసి పిసికి, గడ్డ తనంతట తాను విడిచిన తడిలోనే శనగపిండిని, గుప్పెడు బియ్యప్పిండిని కలిపి, చుక్క నీరైనను పోయక కాగిన నూనెలో వేయుట మా యింటి పద్ధతి. ఆనాడు ఆ పద్ధతి నన్ను నట్టేట ముంచినది. పిసికిన రెండు నిమిషములకే గిన్నెలో ఉల్లి ఈదసాగెను. ఆ నీటికి సరిపడునట్లు పిండి పోయగా పోయగా అది జారుడై, తుదకు మూకుడులో నుండి తేలినవి పైన నల్లగను, లోపల పచ్చిగను ఉండెను. వచ్చినవారు మర్యాదస్థులు గనుక తినిరి. మా అమ్మ మాత్రము ఫోనులో విని, "ఏం గడ్డ దెచ్చినవ్ బిడ్డా? గది నీళ్ల గడ్డ" అని, చూడకయే తేల్చినది.

ఆమె అన్నది అక్షరాల నిజమని తరువాత తెలిసినది. నేను కొన్న వల సంచి మీద వైడేలియా అను ఊరి పేరు ముద్రించియుండెను. పసుపు వన్నె పలుచని పొట్టు, పైనను క్రిందను అణగిన బిళ్ల వంటి ఆకారము. మన అంగడిలో రాసులు పోయు గులాబి గడ్డకును దీనికిని పోలికయే లేదు. కోసినప్పుడు కంట నీరు పెట్టింపదు. ఇచ్చటి పల్లెటూరివారు కొందరు దీనిని జామకాయవలె చేతబట్టి పచ్చిదే కొరికి తిందురు. ఇంత తియ్యని గడ్డలో చక్కెర మెండుగా నుండునని యెవరైనను తలతురు, నేనును తలచితిని. కాని నెలల తరబడి నిలువయుండు ఘాటు గడ్డలలోను చక్కెర దీనికి తీసిపోదు, ఒక్కొక్కప్పుడు మించియు నుండును. అందు ఆ తీపిని ఘాటు కప్పివేయును. ఉల్లి నేలలోని గంధకమును పీల్చి తనలో దాచుకొనును. కత్తి పడి కణములు చిట్లినంతనే, అంతవరకు వేరువేరు అరలలో నున్న గంధక ద్రవ్యమును, దానిని విడగొట్టు ఎంజైమును ఒకటి కాగా, కన్ను మండించు ఆవిరి పుట్టును. వైడేలియా చుట్టుపట్ల నేలలో ఇసుక పాలు హెచ్చు, గంధకము బహు తక్కువ. ఉన్న కొంచెమును వానలు కడిగివేయును. రైతులును గంధకమున్న ఎరువును మొదట కొద్దిగా వేసి, ఆపై మానుకొందురు. దాచుకొనుటకేమియు దొరకని గడ్డ కనుక ఘాటు పుట్టదు, నీరు మాత్రము నిండును.

ఈ పేదనేల మీద పూర్వమేమి పండెడిదని విచారించితిని. జమ్మికుంటవాడు ఉలికిపడు సమాధానము వచ్చినది: పత్తి.

మా నాయన మన పత్తి మార్కెట్టులో ఒక అడ్తిదారు వద్ద గుమాస్తా. కార్తీకము మొదలు సంక్రాంతి దాటువరకు మా యింటివారి దుస్తులును, తల వెండ్రుకలును, అన్నపు గిన్నెల అంచులును తెల్లని నూగుతో నుండెడివి. జిన్నింగు మిల్లుల మోతయే జోలపాటగా నిద్రించిన బాల్యము నాది. ఆ "జిన్ను" అను మాట ఇంజనులో విరిగి మిగిలిన తోక యనియు, ఆ యంత్రమును ఈలై విట్నీ అను యువకుడు 1793లో ఈ జార్జియాలోనే, సవన్నా నగర సమీపమున నొక సేనాని విధవరాలి తోటలో బస చేసియున్నప్పుడు నిర్మించెననియు, నేను ఇచ్చటికి వచ్చిన పిమ్మట గాని ఎఱుగను. అంతకంటె చిత్రమైన సంగతి యొకటి కలదు. 1733లో ఓగ్లెథార్పు అను ఆంగ్లేయుడు సవన్నా వద్ద పడవ దిగి, రెండవ జార్జిరాజు పేర ఈ వలస రాజ్యమును స్థాపించిన వేళ, దీని ధర్మకర్తలు బానిసత్వమును నిషేధించిరి. 1735లో ఆ నిషేధమును శాసనముగా వ్రాసికొనిరి. తమ పొరుగుననున్న కరోలినా వారి సంపదను చూచి ఇచ్చటి వలసదారులు పదునైదేండ్లు గోల చేయగా, 1751 నుండి ఆ శాసనము రద్దయినది. అటుపై వచ్చినది విట్నీ యంత్రము. ఒక మనిషి దినమంతయు కూర్చుండి వేళ్లతో గింజ తీసినను పౌను దూది తేలని పొట్టిపింజ పత్తి, ఆ యంత్రము తిరుగుట మొదలిడగనే కాసుల పంటయైనది. శ్రమ తగ్గించుటకు పుట్టిన యంత్రము గింజ తీయువారి శ్రమను తగ్గించి, చేనిలో ఏరువారి సంఖ్యను పెంచినది. 1860 నాటి జనగణనలో జార్జియాలోని బానిసలు నాలుగు లక్షల అరువది వేలకు పైబడియుండిరి.

1861లో అంతర్యుద్ధము మొదలై ఉత్తరాది నౌకలు దక్షిణాది రేవులను మూసివేయగా, మాంచెస్టరు మిల్లులకు పత్తి కొఱవడి, బొంబాయిలో పత్తి ధర ఆకసమంటినది. 1853లో నైజాము నుండి ఆంగ్లేయులు గైకొనిన బేరారు నల్లరేగళ్లు ఆ కాలముననే పత్తికి పేరు మోసినవి. మన గోదావరికి ఆవలి సీమ ఇచ్చటి తుపాకుల మోతకు ధనవంతమైనదన్నమాట! 1864 శరత్తులో ఉత్తరాది సేనాని షెర్మను అట్లాంటాను తగులబెట్టి, సవన్నా వద్ద సముద్రము వరకు దారి పొడుగున రైలు పట్టాలు పెఱికించుచు, గాదెలు దోచుచు నడచెను. నేను నిత్యము ఉద్యోగమునకు పోవు త్రోవలో దానిని గూర్చిన ఫలకమొకటి కలదు. కారులో పోవువారెవరును దానిని చదువరు.

యుద్ధము ముగిసి బానిసత్వము పోయినను భూమి మాత్రము దున్నినవారికి రాలేదు. విముక్తులు పాలునకు చేసి, విత్తనము మొదలు ఉప్పు వరకు దుకాణదారు పద్దున వ్రాయించుకొని, పంట తూకమునకు వచ్చునప్పటికి బాకీదారులై మిగిలెడివారు. మా నాయన పద్దుపుస్తకములను తిరుగవేసి చూచిన నాకు దీనిని ఒకరు వివరింప నక్కరలేదు. ఇంతలో మెక్సికో నుండి 1892 ప్రాంతమున టెక్సాసులో దిగిన పత్తికాయ ముక్కుపురుగు, చేను వెంట చేను గడచి, 1915 నాటికి జార్జియా చేరెను. 1914లో 52 లక్షల ఎకరములున్న పత్తిసాగు 1923 నాటికి 26 లక్షలకు పడిపోయినది. నల్లజాతి కుటుంబములు వేలకు వేలు రైళ్లెక్కి ఉత్తరమునకు తరలిపోయినవి. 1997-98లో మన వరంగల్లు జిల్లాలో లద్దెపురుగు పత్తిని మేసినప్పుడు, మందుల దుకాణములో బాకీ తీర్చలేని రైతులు ఆ మందునే త్రాగిరని దినము విడిచి దినము వినవచ్చెడిది. ఆ యేడు మా నాయన మార్కెట్టు నుండి పెందలకడ ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుండి, ఎవరితోను మాటలాడెడివాడు కాదు.

పత్తిని నమ్ముటకు వీలులేని అట్టి కాలమున, ఆర్థిక మాంద్యము నడుమ, 1931లో, టూంబ్స్ కౌంటీలో (కౌంటీ యనగా మన తాలూకా వంటిది) మోజ్ కోల్మన్ అను రైతు తాను వేసిన ఉల్లి ఘాటెక్కలేదని గమనించెను. ఘాటులేని ఉల్లి అనగా కారములేని మిరపకాయ, కొనువాడెవడు? ఐనను అతడు పట్టు విడువక యేబది పౌన్ల సంచిని మూడున్నర డాలరులకు అమ్మినాడు. ఆ దినములలో అది పెద్ద ధర. ఇరుగుపొరుగు చేలలోను ఉల్లినారు లేచినది. తరువాతి దశాబ్దములో రాష్ట్ర ప్రభుత్వము వైడేలియాలో, పెద్ద రహదారులు కలియు కూడలి వద్ద, రైతుబజారు కట్టించెను. బాటసారులు బండ్లాపి సంచులు కొని, ఇండ్లకు పోయి "వైడేలియా గడ్డ" అని చెప్పుకొనసాగిరి. కొనువాడే వస్తువులను ఏరుకొనుట అను వింతను ఈ దేశమున తొలుత నేర్పిన పిగ్లీ విగ్లీ దుకాణముల వారికి ఆ యూరిలో స్థావరముండుటయు కలిసివచ్చినది. నిజమునకు విత్తనము ఈ నేలది కాదు; నేడు వేయు పసుపు గడ్డ టెక్సాసు జాతుల నుండి పుట్టిన సంకరము. మెక్సికో పురుగు పత్తిని తినిపోయిన చోట టెక్సాసు విత్తనము మొలచి, ఊరి పేరు పెట్టుకొన్నది.

పేరునకు విలువ రాగానే దొంగ సంచులును వచ్చినవి. ఎక్కడెక్కడి గడ్డలనో తెచ్చి వైడేలియా సంచులలో నింపుట మితిమీరగా, 1986లో జార్జియా శాసనసభ ఒక చట్టము చేసి, పదుమూడు కౌంటీలలోను, మరి యేడింటి భాగములలోను పండినదానికే ఆ పేరు చెల్లునని గిరి గీసినది. మన కరీంనగరు వెండి తీగె పనికి భౌగోళిక గుర్తింపు లభించినట్టిదే ఇదియు. ప్రతి యేట తొలి సంచి బజారుకెక్కు దినమును రాష్ట్ర వ్యవసాయ శాఖాధిపతి నిర్ణయించును. అంతకు ముందు పంపినవాడు శిక్షార్హుడు. పంచాంగము చూడని దేశమని మనవారందురు గాని, ఉల్లిగడ్డకు సైతము ముహూర్తము పెట్టు దేశమిది. 1990లో వైడేలియా గడ్డను రాష్ట్రపు అధికార శాకముగా ప్రకటించిరి.

ఈ రెండు సంవత్సరములను నేను మఱువలేకుండుటకు వేఱొక కారణము కలదు. పొలముపనికై పరదేశులను ఋతువు మేరకు రప్పించు హెచ్-2ఎ అను వీసా ఏర్పడినది 1986లోనే. నావంటి చదువుకొన్న కూలీని రప్పించిన హెచ్-1బి ఏర్పడినది 1990లోనే. కిందటి ఏప్రిలులో మూడు గంటలు కారు నడుపుకొని ఆ చేలను చూడబోతిని. గడ్డలను వేళ్లు తెగునట్లు నేలనడుగున కోసి, రెండు మూడు దినములు ఎండకారవైచియుండిరి. మెక్సికో కూలీలు వరుసగా వంగి, గొఱ్ఱె ఉన్ని తీయు కత్తెర వంటిదానితో, ఒక వేటున కాడను, మఱొక వేటున వేరును తునిమి బకెట్టులో వేయుచుండిరి. ముట్టినచో కందు గడ్డ గనుక యంత్రమునకు పూర్తిగ అప్పగింపలేదట. వారిలో నొకడు నా వంక చూచి, నన్ను తన దేశపువాడనుకొని కాబోలు, గలగల ఏదో పలికెను. నేను తెల్లబోగా నవ్వి, గడ్డనొకదానిని చేతిలో పెట్టి "దుల్సె" అనెను, తియ్యనిది అని. ఇద్దఱము ఒకే చట్టపు పట్టికలో పై గడియొకరిది, క్రింది గడియొకరిది. నాకు ఆఫీసులో చల్లని గాలి, అతనికి ఇసుకలో వంగిన నడుము.

ఇక వంట. ఈ గడ్డతో పకోడి కాదని నాకు తెలివి తెప్పించినది మా పొరుగింటి ఎనుబదేండ్ల వృద్ధురాలు. ఇచ్చట దీనిని చక్రములుగా కోసి, పిండిలో ముంచి వేయింతురు. 1802లో లండనులో జాన్ మోలార్డు అచ్చువేసిన పాకశాస్త్రములోనే అరంగుళపు ఉల్లి చక్రములను జున్ను కలిపిన పిండిలో ముంచి, కొవ్వులో వేయించు విధము కలదు గనుక, ఇది అమెరికావారి సొంతమని వాదింపరాదు. ముందుగా గడ్డను అడ్డముగా అరంగుళము మందమున కోసి, ఉంగరములను విడదీయవలెను. ప్రతి ఉంగరము లోపలి వైపున గాజుకాగితము వంటి పలుచని పొర యొకటుండును. గోటితో దాని కొసను పట్టి లాగినచో నిండు చుట్టు ఊడివచ్చును. దీనిని తీయనిచో పిండి పట్టుకొనక, వేగిన తరువాత కవచమొకవైపునకు, ఉల్లి యొకవైపునకు జారును. ఈ సూక్ష్మమును ఆ ముసలామె నాకు చూపుటకు ముందు ఎన్ని ఉంగరములు బోడిగా తేలినవో నేను లెక్క చెప్పను. తరువాత అరగంట చల్లని మజ్జిగలో నానవైచి, గుడ్డ మీద పఱచి అద్ది, పొడి మైదాలో దొర్లించి దులుపవలెను; ఈ పొడి పూతయే గడ్డ నీటిని పీల్చి, పైపిండికి అంటు నిచ్చును. పైపిండి ఆమె మైదాతోను, మొక్కజొన్నపిండితోను, మంచువలె చల్లని సోడాతోను కలుపును. నేను అందు మూడవపాలు బియ్యప్పిండిని, కారంపొడిని, నలిపిన వామును చేర్చుదును. ఉప్పు మాత్రము పిండిలో వేయను. ఉప్పు తగిలినచో ఈ గడ్డ ఏమి చేయునో నేను చూచినవాడను. వేగిన తరువాతనే పైన చల్లవలెను. నూనె 190 డిగ్రీల సెల్సియస్ చేరిన పిమ్మట నాలుగేసి ఉంగరముల కంటె ఎక్కువ వేయక, రెండు మూడు నిమిషములలో చిల్లుల గంటెతో తీసి, కాగితము మీద గాక ఇనుప జల్లెడ మీద పెట్టవలెను. కాగితము మీద తమ ఆవిరికి తామే మెత్తబడును. మొదటి మాఱు సరిగా కుదిరిననాడు ఫోను నిలిపి అమ్మకు చూపితిని. "ఏందిరా, గాజులు కాల్చినవా?" అని ఆమె నవ్వినది, గాని, విఱుచునప్పటి చప్పుడు వినిపింపుమని రెండుమాఱులడిగినది.

వచ్చిన చిక్కొకటే. గంధకము తక్కువై, నీరెక్కువైన గడ్డ నిలువదు. ఒకదానినొకటి తాకినచోట కుళ్లు పట్టును. వర్తకులు 1990 ప్రాంతము నుండి ఆపిలుపండ్లవలె వీనిని గాలి బిగించిన గదులలో దాచుచున్నారు. గృహస్థులకు మాత్రము వేఱొక ఉపాయము కలదు. ఆడువారు కాళ్లకు తొడుగు పలుచని పొడవాటి మేజోడు తెచ్చి, అందొక గడ్డను జారవిడిచి, పైన ముడి వేసి, మఱొక గడ్డ, మఱొక ముడి, ఇట్లు నింపి చల్లనిచోట వ్రేలాడదీయుదురు. కావలసినప్పుడెల్ల క్రింది ముడికి దిగువన కత్తిరించి ఒక గడ్డను తీసికొందురు. పొరుగింటామె తన పాత మేజోడు నొకటి ఉదికి ఇచ్చినది. మా అమ్మకు ఇది చెప్పగా, "ఉల్లిగడ్డలకు సాక్సులు దొడిగినవా బిడ్డా!" అని, అటుపక్కనున్నవారి నందఱిని కేకవేసి పిలిచి, మళ్లీ చెప్పించుకొన్నది.

కారు నిలుపు కొట్టములో, మేకునకు ఆ మేజోడు నేడును వ్రేలాడుచున్నది. పండ్రెండు ముడులలో మూడు మిగిలినవి. రేపు ఆదివారము, అమ్మ ఫోను చేయువేళకు నూనె కాగియుండవలెను.