ఆరుబయటి కలప సంరక్షణ

ఎండావానల్లో ఉండే చెక్కను చెద నుంచి, కుళ్లు నుంచి కాపాడే పద్ధతి. తిరుమల కొండ మీద నైరుతి వానలు తగ్గగానే ఈశాన్య వానలు అందుకుంటాయి. తోట బల్లకైనా, కంచె గుంజకైనా ఆరే వ్యవధి తక్కువ. చుట్టూ ఉన్న శేషాచలం అడవుల్లోని ఎర్రచందనం చేవకు చెద అంత సులువుగా పట్టదు, పైనుండే తెల్ల చెక్కకు ఆ బలం లేదు. చేవ లేని కలపకే మందు కావాలి.

పేరుమోసిన అలాంటి మందు ఒకటి తెలుగు శాస్త్రవేత్త చేతిదే. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో సొంటి కామేశం 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిసిన ‘ఆస్కు’ను కనిపెట్టారు. రాగి శిలీంధ్రాల పని పడుతుంది, ఆర్సెనిక్ పురుగుల పని. వానకు కొట్టుకుపోకుండా ఆ రెంటినీ చెక్కలో బిగించేది క్రోమియం. పీడనంతో మందు ఎక్కించిన కలప పచ్చగా తేలుతుంది. ఆర్సెనిక్ భయంతో అమెరికాలో 2003 చివరికల్లా ఇళ్ల అవసరాలకు దీని తయారీ ఆపేశారు. ఆ చెక్క ముక్కల్ని పొయ్యిలో పెట్టనేకూడదు.

ఇంటి తోటలోని చెక్కకు మామూలుగా వేసేది రంగే. అయితే తడి ఆరని చెక్క మీద వేసిన ఎనామిల్ పొక్కులు లేచి ఊడుతుంది. గుంజ కుళ్లేది నేల మట్టం దగ్గర, నీరు పీల్చేది రంపం కోసిన కొన. ఖరీదైన డబ్బా కొన్నవారు కూడా ఈ రెండు చోట్లే బ్రష్ ఆడించడం మరుస్తారు.